అంతరంగ సమరం - సెయింట్ అగస్టీన్ జీవితం

మంచి ఏదో తెలియక తప్పుత్రోవ పట్టేవారు లోకంలో కొందరే. మంచి ఏదో చక్కగా తెలిసి ఉండి, దానిని ఆచరించలేక లోలోపల కుమిలిపోయేవారే ఎక్కువమంది. ధర్మమేదో ఎరిగి కూడా దానిపై మనస్సు నిలుపలేకపోయిన దుర్యోధనుని సంగతి పురాణశ్రవణం చేసిన మనవారికి క్రొత్త కాదు. క్రైస్తవ లోకంలో ఈ వేదనను అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో వెల్లడించాడు. మరి మూడు వందల ఏళ్లకు పైగా గడిచిన తరువాత, ఉత్తర ఆఫ్రికాలో పుట్టిన ఒక ఉపాధ్యాయుడు ఆ వేదననే తన జీవితకథగా వ్రాసిపెట్టాడు. ఆయనే సెయింట్ అగస్టీన్.

ఆయన జీవించినది డెబ్బది అయిదు సంవత్సరాలు. మన పాఠశాల కూడ నేడు అదే వయస్సుకు వచ్చింది. విద్యార్థిగా, ఉపాధ్యాయుడుగా, కుమారుడుగా, తండ్రిగా ఆయన పడిన సంఘర్షణను ఈ శుభసందర్భంలో ఒకసారి స్మరించుకోవడం సముచితంగా ఉంటుంది.

బాల్యం - బెత్తం

అగస్టీన్ క్రీ.శ. 354 నవంబరు 13వ తేదీన తగస్తె అనే చిన్న పట్టణంలో జన్మించాడు. నేటి అల్జీరియా దేశంలోని సూక్ అహ్రాస్ పట్టణమే ఆనాటి తగస్తె. ఆ ప్రాంతమంతా అప్పుడు రోమను సామ్రాజ్యంలో భాగం. తండ్రి పాట్రిషియస్ పట్టణ సభలో సభ్యుడు. కొద్దిపాటి ఆస్తి, అంతకు మించిన ఖర్చులు ఉన్న గృహస్థు. ఆయన పాత రోమను దేవతలను కొలిచేవాడు. తల్లి మోనికా భక్తురాలైన క్రైస్తవ స్త్రీ. ఇద్దరి విశ్వాసాలు వేరైనా, కుమారుడు గొప్ప చదువు చదవాలన్న కోరికలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

ఆనాటి బడులలో బెత్తానిదే రాజ్యం. దెబ్బలు తప్పించమని చిన్నారి అగస్టీన్ దేవుని వేడుకునేవాడు. అతని భయాన్ని చూసి పెద్దలు నవ్వుకునేవారు. ఆయన చేసిన తొలి ప్రార్థన అదే కావడం, అది ఫలించకపోవడం ఆయన మనస్సులో చెరగని ముద్ర వేశాయి. లాటిను భాష ఆయనకు దాదుల ముద్దుమాటలలో, ఆటపాటలలో తెలియకుండానే అలవడింది. గ్రీకు భాషను మాత్రం దెబ్బల నడుమ నేర్పారు. దానిపై ఆయనకు జీవితాంతం పూర్తి పట్టు చిక్కనేలేదు. భయం కంటె స్వేచ్ఛగా పుట్టే కుతూహలమే భాషను బాగా నేర్పుతుందని ఆయన తరువాత గ్రహించాడు. పరభాషా ప్రాంతంలో తెలుగు బడిని నిలుపుకున్న మనకు ఈ సంగతి వేరే విడమరచి చెప్పనవసరం లేదు.

సమీపంలోని మదౌరాలో కొంతకాలం చదివిన తరువాత, పై చదువుకు డబ్బు చాలక పదహారవ ఏట ఆయన ఇంటిపట్టున ఉండవలసి వచ్చింది. పని లేని ఆ సంవత్సరంలోనే ఒక రాత్రి స్నేహితులతో కలిసి పొరుగు తోటలో బేరీపండ్లు దొంగిలించాడు. ఆకలి వేసి కాదు. ఇంటిలో అంతకంటె మంచి పండ్లే ఉన్నాయి. కోసినవాటిలో చాలా భాగం పందులకు విసిరివేశారు. ఇది చాలమంది బాల్యంలో జరిగే చిల్లర దొంగతనమే. కాని నలుబది ఏళ్లు దాటిన తరువాత అగస్టీన్ ఈ చిన్న సంఘటనను పట్టుకొని ఎన్నో పుటలు వ్రాశాడు. ఏ లాభమూ లేని తప్పు ఎందుకు తియ్యగా తోచింది? ఒంటరిగా ఉంటే ఆ పని చేసి ఉండేవాడా? ఈ ప్రశ్నలు ఆయనను వదలలేదు. తప్పు చేయడంలోనే ఒక రుచి ఉన్నదని, నలుగురిలో సిగ్గుపడకపోవడమే గొప్పగా తోచే వయస్సు ఒకటి ఉన్నదని ఆయన తేల్చుకున్నాడు. కుమారుని వాక్చాతుర్యం పెరిగితే చాలునని, అతని నడవడి ఎటు పోయినా పట్టించుకోలేదని తండ్రిని గూర్చి ఆయన వ్రాసిన మాట ప్రతి తల్లీ తండ్రీ ఆలోచించదగినది.

విద్య పెరిగింది, శాంతి కరువైంది

రొమానియానుస్ అనే ధనికుని సాయంతో అగస్టీన్ కార్తేజి మహానగరం చేరి అలంకారశాస్త్రం చదివాడు. తరగతిలో ప్రథముడు. నాటకాలంటే వ్యామోహం. అక్కడే ఒక యువతితో కలిసి జీవించడం ప్రారంభించాడు. ఆమె పేరు ఆయన ఎక్కడా వ్రాయలేదు. సుమారు 372లో వారికి ఒక కుమారుడు కలిగాడు. ఆ బిడ్డకు అదియోదాతుస్ అని పేరు పెట్టారు. దేవుడిచ్చినవాడని దాని అర్థం. తండ్రి పాట్రిషియస్ అంతకు ముందే మరణించాడు. చివరి దినాలలో ఆయన కూడ క్రైస్తవుడయ్యాడు.

పందొమ్మిదవ ఏట సిసెరో రచించిన హోర్టెన్సియుస్ అనే గ్రంథం చదివినపుడు అగస్టీన్ హృదయంలో జ్ఞానతృష్ణ రగిలింది. పదవికీ ధనానికీ ఉపయోగపడే చదువు వేరని, సత్యాన్ని చేర్చే చదువు వేరని మొదటిసారి తోచింది. వెంటనే బైబిలు తెరిచాడు. సిసెరో శైలి ముందు దాని భాష మోటుగా కనిపించి మూసివేశాడు. ఆ తరువాత మానీ మతస్థులలో శ్రోతగా చేరి సుమారు తొమ్మిదేళ్లు ఉన్నాడు. వెలుగు, చీకటి అనే రెండు శక్తులు లోకంలో పోరాడుతున్నాయని, మనిషి చేసే చెడు అతనిలోని చీకటి అంశ చేసే పని అని వారి బోధ. తన తప్పులకు తాను బాధ్యుడు కానని చెప్పే ఆ సిద్ధాంతం తనకు హాయిగా ఉండేదని తరువాత ఆయనే నిస్సంకోచంగా ఒప్పుకున్నాడు. చివరకు ఆ మతంలో మహాపండితుడని పేరొందిన ఫౌస్టుస్ వచ్చినపుడు తన సందేహాలను ముందుంచాడు. ఫౌస్టుస్ మధురంగా మాట్లాడేవాడే కాని సమాధానం చెప్పలేకపోయాడు. అయితే తనకు తెలియదని నిజాయితీగా అంగీకరించాడు. ఆ నిజాయితీని అగస్టీన్ మెచ్చుకున్నాడు. ఆ మతంపై నమ్మకం మాత్రం సడలిపోయింది.

ఆయన అప్పటికే ఉపాధ్యాయుడు. కార్తేజి విద్యార్థుల అల్లరి భరించలేక 383లో రోము నగరానికి బయలుదేరాడు. వెళ్లవద్దని ఏడ్చి బ్రతిమాలిన తల్లికి అబద్ధం చెప్పి, ఆమె ఒక ప్రార్థనాలయంలో రాత్రి గడుపుతుండగా ఓడ ఎక్కాడు. రోములో విద్యార్థులు అల్లరి చేయలేదు. జీతం చెల్లించే సమయానికి మరొక ఉపాధ్యాయుని దగ్గరకు తరలిపోయేవారు! 384లో మిలాను నగరంలో, చక్రవర్తి ఆస్థానం ఉన్న చోట, అలంకారశాస్త్రాచార్య పదవి లభించింది. చిన్న పట్టణపు కుర్రవానికి ఇంతకు మించిన పదవి ఏముంటుంది? కాని ఒకనాడు చక్రవర్తిని పొగడుతూ ప్రసంగం సిద్ధం చేసుకొని ఆందోళనతో వీధిలో పోతుండగా, త్రాగి నవ్వుతున్న ఒక బిచ్చగాడు కనిపించాడు. అబద్ధాలు అల్లి కీర్తి వెదుకుతున్న తన కంటె కొన్ని నాణాలతో ఆ పూట సంతోషం కొనుక్కున్న ఆ బిచ్చగాడే మేలని అగస్టీన్‌కు అనిపించింది.

మిలానులో

మిలాను బిషప్పు అంబ్రోసు ప్రసంగాలను మొదట వాగ్ధోరణి కోసమే విన్నాడు. మెల్లగా విషయం కూడ చెవికెక్కింది. మోటుగా తోచిన బైబిలులో లోతైన అర్థాలు కనిపించసాగాయి. ప్లేటో సంప్రదాయపు గ్రంథాలు చదివి, చెడు అనేది స్వతంత్రమైన వస్తువు కాదని, మంచి కొరవడడమేనని గ్రహించాడు. బుద్ధికి సందేహాలు తీరాయి. చిక్కంతా సంకల్పంతోనే వచ్చింది.

ఈ దశలోనే ఆయన జీవితంలో అత్యంత బాధాకరమైన ఘట్టం జరిగింది. వెతుక్కుంటూ మిలాను చేరిన మోనికా, కుమారుని హోదాకు తగిన సంబంధం కుదిర్చింది. వధువుకు వివాహయోగ్యమైన వయస్సు రావడానికి ఇంకా రెండేళ్లు ఆగాలి. ఈ వివాహానికి అడ్డు అని, ఇన్నేళ్లు కలిసి బ్రతికిన స్త్రీని ఆఫ్రికాకు పంపివేశారు. ఆమె మరొకరిని చేరనని దేవునికి మ్రొక్కుకొని, కుమారుని తండ్రి వద్ద విడిచి వెళ్లిపోయింది. అగస్టీన్ గుండె చీలి రక్తమోడింది. అయినా ఆ రెండేళ్లు ఒంటరిగా ఉండలేక మరొక స్త్రీని తెచ్చుకున్నాడు. వెళ్లిపోయిన ఆమె నిలబెట్టుకోగలిగిన వ్రతాన్ని తాను కొద్ది కాలమైనా పాటించలేకపోయానని ఆయన స్వయంగా వ్రాసుకున్నాడు. ఆమెకు జరిగిన అన్యాయాన్ని పూర్తిగా గుర్తించాడా అని ఈనాటి పాఠకులు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. తన సిగ్గును మాత్రం ఆయన దాచుకోలేదు.

ఇంద్రియనిగ్రహం ప్రసాదించమని ఆయన యౌవనం నుండి ప్రార్థించేవాడు. ఆ ప్రార్థనను దేవుడు వెంటనే ఆలకిస్తాడేమోనన్న భయం కూడ లోపల ఉండేది! కావాలనే మనస్సు ఒకటి, వద్దనే మనస్సు ఒకటి. రెండూ తనవే. మనస్సు చేతిని ఎత్తమంటే చేయి లేస్తుంది. అదే మనస్సు తనను తాను మారమని ఆజ్ఞాపిస్తే మారదేమి? ఆ సంకల్పం సంపూర్ణమైనది కాదు గనుకనే అది నెరవేరడం లేదని ఆయన గుర్తించాడు. అలవాటు ఒక గొలుసు. మొదట మనమే కోరి ఒక్కొక్క కొక్కెం తగిలిస్తాము, చివరకు అదే మనలను కట్టిపడవేస్తుంది.

386 ఆగస్టులో పోంటికియానుస్ అనే పరిచితుడు వచ్చి, ఈజిప్టు ఎడారిలో సర్వసంగపరిత్యాగిగా జీవించిన ఆంటోనీ కథ చెప్పాడు. ఆ కథ చదివి రాజోద్యోగాలు విడిచిన ఇద్దరు యువకుల సంగతి కూడ చెప్పాడు. చదువులేనివారు పరలోకాన్ని అందుకుంటుంటే పండితులమైన తాము బురదలో పొర్లుతున్నామే అన్న బాధతో అగస్టీన్ తోటలోకి వెళ్లిపోయాడు. ప్రాణమిత్రుడు అలిపియుస్ వెంట ఉన్నాడు. ఒక అంజూరపు చెట్టు క్రింద పడి ఏడుస్తుండగా పొరుగింటి నుండి ఒక పసివాని గొంతు, గ్రంథాన్ని తీసుకొని చదువమన్నట్లు పాటగా వినవచ్చింది. ఆయన లేచి వచ్చి పౌలు పత్రికల ప్రతిని తెరిచాడు. భోగలాలసను, కలహాలను విడిచి క్రీస్తును ధరించమని చెప్పే రోమా పత్రిక 13వ అధ్యాయపు చివరి భాగం కంటబడింది. అంతకు మించి చదువనవసరం లేకపోయింది. పదవికి రాజీనామా ఇచ్చాడు. 387 ఈస్టరు పర్వదినాన, ఏప్రిల్ 24వ తేదీ రాత్రి, కుమారుడు అదియోదాతుస్‌తోను, అలిపియుస్‌తోను కలిసి అంబ్రోసు చేత బాప్తిస్మం పొందాడు.

తిరుగుప్రయాణంలో ఓస్తియా రేవు పట్టణంలో మోనికా 56వ ఏట కన్నుమూసింది. ఏళ్ల తరబడి ఏ కుమారుని కోసం కన్నీరు కార్చిందో, ఆ కుమారుడు మారడం చూసి తృప్తిగా వెళ్లింది. దుఃఖాన్ని అణచుకోవాలని అగస్టీన్ మొదట ప్రయత్నించాడు. చివరకు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ కన్నీటిని కూడ ఆయన గ్రంథంలో దాచలేదు.

గెలుపు తరువాత

సాధారణంగా ఇటువంటి కథలు ఇక్కడ ముగుస్తాయి. అగస్టీన్ గొప్పతనమంతా ఈ తరువాతి భాగంలో ఉన్నది.

388లో స్వస్థలం చేరి మిత్రులతో కలిసి ప్రశాంతంగా సాధన చేయదలచాడు. కుమారునితో జరిపిన సంభాషణల ఆధారంగా గురువును గూర్చిన ఒక గ్రంథం వ్రాశాడు. మాటలు గుర్తులు మాత్రమేనని, వాటి ద్వారా ఏ ఉపాధ్యాయుడూ సత్యాన్ని శిష్యునిలోకి ఒంపలేడని, లోపల వెలుగిచ్చే గురువు క్రీస్తేనని దాని సారాంశం. అందులో కుమారుడు పలికిన ఆలోచనలన్నీ నిజంగా ఆ బాలునివేనని తండ్రి సాక్ష్యమిచ్చాడు. ఆ మేధావియైన బిడ్డ కొద్దికాలానికే, పదిహేడేళ్ల ప్రాయంలో, మరణించాడు.

391లో హిప్పో నగరానికి వెళ్లినపుడు అక్కడి సంఘస్థులు ఆయనను పట్టుకొని బలవంతంగా మతగురువును చేశారు. ఆయన ఏడుస్తూ ఆ భారాన్ని తలకెత్తుకున్నాడు. కొన్నేళ్లకు ఆ నగరానికే బిషప్పు అయ్యాడు. నేడు దానిని అన్నాబా అంటారు. సుమారు 397లో తన ఒప్పుకోళ్ల గ్రంథాన్ని ప్రారంభించాడు. పదమూడు భాగాల ఆ గ్రంథంలో పదవ భాగం చదివి ఆశ్చర్యపోనివారు ఉండరు. బిషప్పుగా అందరి గౌరవం పొందుతున్న దినాలలో, తనలో ఇంకా మిగిలి ఉన్న బలహీనతలను ఆయన వరుసగా వివరించాడు. పగలు జయించిన కోరికలు రాత్రి కలలలో వస్తున్నాయి. భోజనం చేసేటపుడు ఆకలి ఎక్కడ ముగుస్తున్నదో, రుచి ఎక్కడ మొదలవుతున్నదో తెలియడం లేదు. కీర్తనలు వింటున్నపుడు అర్థం కంటె రాగమే మనస్సును లాగుతున్నది. ఇంటిలో కూర్చుంటే ఈగలను పట్టే బల్లి కూడ తన ధ్యానాన్ని చెదరగొడుతున్నది. అన్నిటికంటె కష్టమైనది పొగడ్త. పొగడ్తను తృణీకరిస్తున్నానన్న తలంపులో కూడ గర్వం చోటు చేసుకుంటున్నదని ఆయన గుర్తుపట్టాడు.

ఈ అనుభవమే ఆయన కృపా సిద్ధాంతానికి పునాది. మనిషి తన సంకల్పబలంతోనే పాపరహితంగా జీవించగలడన్న అభిప్రాయానికి పెలాగియుస్ అనే సన్యాసి ప్రసిద్ధుడు. అగస్టీన్ దానిని గట్టిగా ఖండించాడు. సంకల్పం కూడ గాయపడి ఉన్నదని, దైవకృప లేనిదే అది లేవలేదని ఆయన వాదన. మానవ ప్రయత్నాన్ని ఆయన మరీ తక్కువ చేశాడని, శారీరక వాంఛలను మరీ కఠినంగా చూశాడని విమర్శించేవారు ఆనాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు.

ఆయన చేసిన పొరపాటు ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. ఆఫ్రికా క్రైస్తవ సంఘంలో చీలిపోయిన దొనాతు వర్గాన్ని వాదంతోనే మార్చాలని మొదట నమ్మిన ఆయన, తరువాత ప్రభుత్వ శిక్షలను సమర్థించాడు. మరణశిక్షలు వద్దని అధికారులను వేడుకున్న మాట నిజమే. కాని విశ్వాసం విషయంలో బలప్రయోగానికి ఆయన ఇచ్చిన మద్దతును తరువాతి శతాబ్దాలలో ఎందరో వాడుకున్నారు. బెత్తం దెబ్బలతో చదువు రాదని చిన్ననాడే తెలుసుకున్న మనిషి ఈ తప్పుకు లోనుకావడం, బలహీనత ఎంత సూక్ష్మంగా పనిచేస్తుందో తెలుపుతుంది.

బిషప్పుగా ఆయన జీవితం నిరాడంబరం. చెంచాలు తప్ప భోజనపాత్రలన్నీ మట్టివి, కొయ్యవి, రాతివి. పరోక్షంలో ఉన్నవారిని నిందించేవారికి ఈ బల్ల వద్ద చోటు లేదని భోజనపు బల్లపై వ్రాయించాడు. బందీలను విడిపించడానికి ఆలయపు వెండి పాత్రలను కరిగించాడు. బోధించి బోధించి విసిగిపోయానని మొరపెట్టుకున్న దేవోగ్రాతియాస్ అనే పరిచారకునికి ఒక చిన్న గ్రంథమే వ్రాసి పంపాడు. వినేవారు అలసిపోతే కూర్చోనివ్వమని, మనకు పాతబడిన పాఠం విద్యార్థికి క్రొత్తదని, ప్రేమ ఉంటే మనకూ అది క్రొత్తదవుతుందని అందులో చెప్పాడు. ఒకే పాఠాన్ని ఏటేటా చెప్పే మన ఉపాధ్యాయులకు ఇది ఎంత ఊరటనిచ్చే సలహా!

చివరి దినాలు

410లో అలారిక్ సేనలు రోము నగరాన్ని దోచుకున్నపుడు సామ్రాజ్యమంతా కంపించింది. ఆ సందర్భంలో ప్రారంభించిన దైవనగరం అనే గ్రంథాన్ని ఆయన 426 వరకు వ్రాసి ఇరువది రెండు భాగాలుగా ముగించాడు. తరువాత, డెబ్బది ఏళ్లు దాటిన వయస్సులో, తన రచనలన్నిటిని ముందు పెట్టుకొని, ఎక్కడెక్కడ పొరపడ్డాడో తానే గుర్తిస్తూ మరొక గ్రంథం వ్రాశాడు. అందులో తొంబది మూడు రచనలను సమీక్షించాడు. తన జవాబుపత్రాలను తానే దిద్దుకున్న ఉపాధ్యాయుడు ఆయన.

430లో వాండల్ జాతి సేనలు హిప్పో నగరాన్ని ముట్టడించాయి. ముట్టడి మూడవ నెలలో అగస్టీన్‌కు జ్వరం తగిలింది. పశ్చాత్తాపానికి సంబంధించిన దావీదు కీర్తనలను వ్రాయించి మంచం ఎదుటి గోడకు అంటించమన్నాడు. వైద్యులు వచ్చేటపుడు, ఆహారం తెచ్చేటపుడు తప్ప ఎవరూ లోనికి రావద్దని కోరి, సుమారు పది దినాలు ఆ కీర్తనలను చూస్తూ, కన్నీరు కారుస్తూ ప్రార్థనలో గడిపాడు. 430 ఆగస్టు 28న కన్నుమూశాడు. వీలునామా వ్రాయలేదు, వ్రాయడానికి ఆస్తి ఏమీ లేదు. ఆలయ గ్రంథాలయాన్ని మాత్రం భావితరాలకోసం జాగ్రత్తగా కాపాడమని చెప్పాడు. ఈ సంగతులన్నీ ఆయన శిష్యుడు పొసిదియుస్ వ్రాసి ఉంచాడు.

లోకం పునీతుడని కొలిచిన మనిషి చివరి గడియలలో తన విజయాలను తలచుకోలేదు. తన లోపాలనే తలచుకొని, క్షమించగల దేవునిపై భారం వేశాడు. తోటలో ఒక్కనాడు కలిగిన మార్పు ఆయనకు నలుబది నాలుగేళ్ల పోరాటానికి ఆరంభం మాత్రమే. పడినవాడు మళ్లీ లేవవచ్చునని, లేచినవాడు మళ్లీ పడకుండ చూసుకోవాలని ఆయన జీవితం తెలుపుతుంది. ఏ మతస్థులకైనా ఇది పనికివచ్చే పాఠమే.

డెబ్బది అయిదేళ్లు నిండిన మన పాఠశాల తాను సాధించిన విజయాలను లెక్కించుకోవడం సహజం, న్యాయం. దానితోపాటు, ఈ బడి వరండాలలో భయంతో నిలబడిన పసివాడెవరైనా ఉన్నాడా, మన మెప్పుకు నోచుకోక వెనుకబడిన విద్యార్థి ఎవరైనా ఉన్నాడా అని కూడ ఒక్కసారి వెనుదిరిగి చూసుకుందాము. ఆ చూపులో కలిగే కొద్దిపాటి సిగ్గు మన ఉత్సవానికి లోటు చేయదు. రానున్న ఏండ్లకు త్రోవ చూపుతుంది.